అభిషేకం ఎరుగని అమ్మ

ఆ ఉదయం హంసధార నిలబడింది.

నది పారడం అందరూ చూస్తారు, ఎండడమూ చూస్తారు. నిలబడడం మాత్రం శ్వేతగిరి రాజ్యంలో అంతకు ముందు ఎవరూ చూడలేదు. జంటకొండల ఇరుకులో నీరు పచ్చని గాజుగోడలా నిట్టనిలువుగా లేచి ఆగిపోయింది. గోడలో వాలుగచేపలు కట్టిన తోరణాల్లా కదలక మెదలక వేలాడుతున్నాయి. వరదలో కొట్టుకొచ్చిన మద్దిమాను ఒకటి వేళ్ళతో సహా నిలువునా ఇరుక్కుపోయి ఉంది. దాని పక్కనే ఒక మొసలి నోరు సగం తెరిచి, బయట తిరిగే మనుషులను కన్నార్పకుండా చూస్తోంది. మబ్బుల సందులోంచి ఎండ పడినప్పుడల్లా గోడకు ఇవతల తడి ఇసుక మీద ఆకుపచ్చ వెలుగు అలలుగా ఆడుతోంది.

ఆ వెలుగులో, ఏటి నడిగర్భంలో, పదహారు ఊళ్ళ జనం పందిళ్ళు వేసుకుని పండుగ చేసుకుంటున్నారు.

ఇదంతా మాంత్రికుడు శంఖపాలుడి ప్రణాళిక. రాబోయే అరవై ఏళ్ళకు హంసధార నీటిని ఎలా వాడుకోవాలో తేల్చమని కీర్తిమంతమహారాజు జలసభను కూర్చోబెట్టాడు. మూడు నెలలు వాదనలు జరిగాయి. చివరకు శంఖపాలుడు లేచి, "మూడు వందల చెరువులు ఎందుకు మహారాజా? వాటికి కట్టలెందుకు, కాపలాలెందుకు? నదిని ఒక్కచోట నా జలస్తంభనంతో నిలబెడతాను. చెరువులు తెంపించండి, అవి పొలాలవుతాయి. దిగువన ఏటిగర్భం ఎండుతుంది, అదీ పొలమవుతుంది. ఎవరికి ఎంత నీరు కావాలో నేను వదులుతాను" అన్నాడు.

సభంతా తలలూపింది. ఒక్కడే లేచాడు. తొగరుపాడులో పొలాలకు నీళ్ళు వంతులవారీగా విడిచే నీరటికాడు, కేదారుడు. "అయ్యా, చెరువు తెగితే ఒక ఊరు మునుగుతుంది. ఆ ఊరివాళ్ళే వచ్చి గండి పూడుస్తారు. ఈ గోడ తెగితే పూడ్చేదెవరండీ?" అని అడిగాడు.

శంఖపాలుడు నవ్వాడు. "నా విద్యకు హద్దు ఇరవై మూరలు. ఏటి నడుమ ఉన్న అమ్మకంబం మీద అమ్మవారి పాదాలున్నది పద్దెనిమిది మూరల ఎత్తున. నీరు పాదాలను తాకగానే కంబం కొసన గంట మోగుతుంది. ఇంకో రెండు మూరలు పెరిగేలోగా జనం గట్టెక్కుతారు. తరువాత నీటిని నేను మెల్లగా వదులుతాను. చాలదా?"

చాలునంది సభ. చాలదన్న కేదారుడికి దేశబహిష్కారం వేశారు. ఆ ప్రశ్న విని నిద్రపట్టని మనిషి ఒక్కరే, రాకుమారి తరళ. ఆమె మగవేషం వేసుకుని కోట దాటి కేదారుణ్ణి కలుసుకుంది. తండ్రి తప్పు చేస్తున్నాడేమో అనుకోవడానికే ఆమెకు భయంగా ఉంది. అనుకోకుండా ఉండడానికి మరీ భయంగా ఉంది.

గోడ లేచిన నాటి మధ్యాహ్నానికి పైదేశంలో కురిసిన మూడు రోజుల వాన దిగి వచ్చింది. దారిలో ఆగడానికి దానికి ఒక్క చెరువైనా మిగలలేదు.

* * *

గోడకు ఎగువన కూతవేటు దూరంలో, నిండుకుండలా ఉన్న నీటి నడుమ ఒక బండ. ఆ బండమీద అమ్మకంబం. ఒక పుట్టి గిరగిర తిరుగుతూ అటు వచ్చింది. అందులో ఒక పూలవాడు, బండెడు పూలబుట్ట, తలపాగాలో మునిగిపోయిన ఒక కుర్రవాడు.

"ఎవర్రా అది? ఆగండక్కడే!" బండ మీది కావలి నాయకుడు జగ్గన బల్లెం ఎత్తాడు. అతని వెనక మరో ముగ్గురు.

"పూలవాళ్ళం దొరా. అమ్మకి మాల తెచ్చాం," అన్నాడు కేదారుడు.

"మాలకే పుట్టి ఇంత ఒరిగిందా?"

"ముప్పై మూరల మాల దొరా. ఊరి మొక్కు."

"ఈడెవడు? తలపాగా ఉంది గానీ తల కనపట్టంలేదు."

"మా తమ్ముడు దొరా. మాటల్రావు. చిన్నప్పుడు ఏట్లో పడి జడుసుకున్నాడు."

"మా ఇంట్లోనూ ఉన్నాడు బావమరిది ఒకడు. ఆడూ ఏట్లో పడితే బాగుణ్ణు, నోరు మూయడు," అన్నాడు జగ్గన. మిగతావాళ్ళు నవ్వారు. అంతలో అతని చూపు కుర్రవాడి కాళ్ళమీద పడింది. "పూలమ్మేవోడి పాదాలు ఇంత మెత్తనివేంట్రా?"

కేదారుడు నవ్వేశాడు. "పని చేస్తేగా దొరా గట్టిపడ్డానికి! తిని కూచుంటాడు," అని తరళ నెత్తిమీద ఒక్కటి మొట్టాడు. రాకుమారి పళ్ళు బిగబట్టి ఊరుకుంది. జగ్గన పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ మాలలోనే ఉంది కిటుకు. తెల్లని నందివర్ధనాలు గుచ్చి, మూరకొక ఎర్రగన్నేరు కట్టాడు కేదారుడు. చివర రాగికలశం, అందులో గులకరాళ్ళు. తొగరుపాడు పాతతూము రాతిమీద వాళ్ళ తాత చూపిన వరదగుర్తుకూ, సభలో చదివిన లెక్కకూ ఎన్నడూ పొంతన కుదరలేదు. అమ్మ పాదాలు నిజంగా పద్దెనిమిది మూరల మీదే ఉన్నాయా అన్నది అతని అనుమానం. నీటి లోతు కొలవబోతే శంఖపాలుడి మనుషులు తల తీస్తారు. మాల వేస్తే ఎవరూ ఏమీ అనరు.

బండమీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. గంగసాని, అమ్మవారి పూజారిణి. ఎనభై ఏళ్ళుంటాయి. నల్లరాతి అమ్మవారికి పసుపు అద్ది, కుంకుమ పెట్టి, పొడిబట్టతో పాదాలు తుడుస్తోంది. ఆ తల్లికి పొడిపూజే. ఒక్క చుక్క నీరు పోయరు. పాదాల వేళ్ళ సందుల్లో సన్నని రంధ్రాలున్నాయి. నీరు వాటిలోకి దిగితే పీఠం లోపలి గోతిలో ఉన్న బెండు తేలుతుంది, బెండు తేలితే కంబం కొసనున్న గంట కదులుతుంది. ఆ గంటకు తాడు లేదు, చేత్తో కొట్టడానికి దారీ లేదు. బెండు మోగించే గంట ఎగుడుదిగుడుగా, తడబడుతూ మోగుతుంది. ఆ మోత దిగువ ఊళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మోతనే నమ్ముతారు, మరి దేన్నీ నమ్మరు. అందుకే అమ్మవారికి స్నానం చేయించే హక్కు నదికి ఒక్కదానికే ఉంది. మనిషెవడైనా పాదాలు తడిపితే ఆ చెయ్యి నరకమని శాసనం.

నీరు పాదాలకు రెండు మూరల కింద ఉంది. అంటే సభ లెక్క ప్రకారం పదహారు మూరల లోతు. హద్దుకు ఇంకా నాలుగు మూరల వ్యవధి.

కేదారుడు బండ అంచున మోకరిల్లి మాలను నీటిలోకి జారవిడిచాడు.

"అమ్మకి వెయ్యకుండా ఏట్లో వేస్తావేంట్రా?" అన్నాడు జగ్గన.

"మొక్కు ఏటికి దొరా, దండం అమ్మకి."

కలశం బరువుకు మాల సరసరా దిగింది. ఎర్రపువ్వు ఒకటి మునిగింది. తరళ అతని భుజం మీద వేలితో ఒకసారి నొక్కింది. రెండు. మూడు. పది దాటింది. పదిహేను. పదహారో పువ్వు మునిగింది. ఇక్కడ అడుగు తగలాలి. మాల ఆగలేదు. పదిహేడు. ఆమె ఇంకా గట్టిగా నొక్కింది. పద్దెనిమిది. మాల సడలి, కలశం అడుగురాతిని తాకిన చప్పుడు తాడు వెంట చేతికి అందింది.

"పంతొమ్మిది!" అంది తరళ.

బండమీద అందరూ ఆమెవైపు తిరిగారు.

"మూగోడికి మాటొచ్చిందే!" జగ్గన బల్లెం ఆమె గొంతుదాకా వచ్చింది. బల్లెం మొన తలపాగాను లేపింది. పొడుగాటి జడ జారి నడుం దాకా పడింది. రాజముద్రిక తాడుతో సహా మెడలోంచి బయటపడింది. జగ్గన మొహం పాలిపోయింది. మోకాళ్ళమీద కూలబడ్డాడు.

"లే నాయకుడా. నువ్వు మొక్కాల్సింది నాక్కాదు," అంది తరళ. "నీరు పదహారు కాదు, పంతొమ్మిది మూరలుంది. గోడ హద్దుకు ఒక్క మూరే ఉంది. గంట మోగాలంటే ఇంకా రెండు మూరలు పెరగాలి. ఈ గంట గోడ విరిగాక మోగుతుంది."

గంగసాని చేతిలోంచి పసుపుగిన్నె జారిపడింది.

"మూడు మూరలు," అంది ముసలమ్మ గొణుగుతున్నట్టు. "మూడు మూరలే. అమ్మా, నీ తాతగారు... ఆయన ఎంత భక్తుడో నీకు తెలీదు బంగారు తల్లీ. వరదొచ్చినప్పుడల్లా అమ్మ పాదాలకి బురద అంటుతోందని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆఖరికి పీఠంతో సహా అమ్మను మూడు మూరలు పైకెత్తించి మళ్ళీ ప్రతిష్ఠ చేయించాడు. ఆ రోజు పసుపు పళ్ళెం పట్టుకున్నది నేనే. నలభై ఏళ్ళయింది."

"సభ లేఖకులకి చెప్పలేదా అవ్వా?" అన్నాడు కేదారుడు.

"ఏం చెప్పాలి నాయనా? అది పూజ అనుకున్నాం. లెక్క అనుకోలేదు. పాదాల దాకా పద్దెనిమిది అని తాతలనాటి మాట. వాళ్ళు పాదాలు చూసుకుని రాసుకుపోయేవాళ్ళు." ఆమె అమ్మవారి మొహంలోకి చూసింది. "ఏటిని కనిపెట్టుకోడానికి నిలబడ్డ తల్లికి బురదంటే ఏవగింపు ఉంటుందా? పైకెత్తమని ఆమె అడిగిందా? మేమూ ఆమెను అడగలేదు."

భక్తితో చేసిన పని తప్పెలా అవుతుందని చదివేవారికి అనిపించవచ్చు. రాజు భక్తి అబద్ధం కాదు. కాని అమ్మను ఎందుకు అక్కడ నిలబెట్టారో ఎవరో ఒకరు ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

నీరు జానెడు పైకి వచ్చింది.

కేదారుడు గోడవైపు చూశాడు. ఆ ఎత్తునుంచి గోడ అవతల ఏటిగర్భం కనిపిస్తోంది. నువ్వుల్లా జనం. నట్టనడుమ పసుపుగుడ్డల పందిరి తొగరుపాడుది. అందులో అతని చెల్లెలు చెంగి ఉంది. ఆమె బిడ్డకు ఈ రోజు పదకొండో రోజు. కొత్తపొలంలోనే పురుటిస్నానం చేయించాలని ఊరంతా సరదాపడింది. పొద్దున కేదారుడు రహస్యంగా కబురు పంపితే చెంగి, "గంట మోగలేదుగా అన్నా, నీకన్నీ భయాలే" అని తిరుగు కబురు పంపింది.

అతను గిరుక్కున తిరిగి కలశాన్ని పైకి లాగి మాలనుంచి విప్పాడు. రాళ్ళు గుమ్మరించి నీళ్ళు ముంచాడు. అమ్మ పాదాలవైపు నడిచాడు.

"ఒరే! చెయ్యి తీసేస్తారురా!" అన్నాడు జగ్గన. కానీ బల్లెం ఎత్తలేదు. "నా పెళ్ళాం పిల్లలూ అక్కడే ఉన్నారు," అన్నాడు ఉన్నట్టుండి.

గంగసాని అడ్డం వచ్చింది. కలశం ఇవ్వమన్నట్టు చేతులు చాచింది.

"నాకియ్యి నాయనా. చెయ్యి పోవాలంటే ఎనభై ఏళ్ళ చెయ్యి పోనీ. అరవై ఏళ్ళుగా ఈ తల్లికి ఒక్క చెంబుడు నీళ్ళు పోద్దామని ఎంత ఆశపడ్డానో." కళ్ళు మూసుకుంది. "తప్పయితే నన్ను పట్టుకో తల్లీ, పిల్లల్ని కాదు."

పోసింది.

నీళ్ళు నల్లరాతి పాదాలమీద పసుపును కరిగించుకుంటూ వేళ్ళ సందుల్లోకి దిగాయి. ఏమీ జరగలేదు. రెండో కలశం పోసింది. లోపల ఎక్కడో బెండు రాతికి తగిలిన చప్పుడు. మూడో కలశం సగంలో ఉండగా కంబం కొసన గంట తడబడుతూ మోగింది. టంగ్. టటంగ్. టంగ్.

దిగువన డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

పదహారు ఊళ్ళ జనం తలెత్తి చూశారు. ఒక్క ఊపిరిసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత పుట్ట కదిలినట్టు కదిలారు. కేకలు, ఏడుపులు, పిల్లల్ని ఎత్తుకుని పరుగులు. రెండు గట్లవైపూ జనం పాకుతున్నారు.

"ఆపకవ్వా! పీఠం కారిపోతోంది," అని అరిచాడు కేదారుడు. గోతిలో నీరు నిలవడంలేదు. పోస్తూ ఉంటేనే గంట. తరళ ముంచుతోంది, కేదారుడు అందిస్తున్నాడు, గంగసాని పోస్తోంది. జగ్గన, అతని మనుషులు ఇనపటోపీలు తీసి వాటితో ముంచి అందించసాగారు. కేదారుడి చూపు మాత్రం పసుపుపందిరిని వదలడంలేదు. ఒక ఎర్రచీర మెల్లగా, చాలా మెల్లగా నడుస్తోంది. పురిటిమనిషి. చేతుల్లో మూట. పుట్టి ఎక్కితే, గోడ పక్కన గట్టుమీదికి దూకితే, పరిగెత్తితే అందుకోగలడు. కానీ కలశం అందించే చెయ్యి ఒకటి తగ్గితే గంట ఆగుతుంది. వెనుక ఇంకా వేలమంది ఉన్నారు.

అతను మరో కలశం అందించాడు.

"ఎవరా గంట మోగించింది?"

శంఖపాలుడు నీటిమీద నడిచి వస్తున్నాడు. అతను అడుగు పెట్టిన చోటల్లా నీరు పలకరాయిలా గట్టిపడి, అడుగు తీయగానే మళ్ళీ నీరవుతోంది. నల్లని కంబళి గాలికి రెక్కల్లా లేస్తోంది. చేతిలో శంఖం.

"నీరు పంతొమ్మిదిన్నర ఉంది మాంత్రికా," అంది తరళ. "నీ గోడకు ఇక అర మూరే."

"కంబం మీద పదహారున్నర. రాతిమీది లెక్క అబద్ధమాడదు."

"రాయిని కదిలిస్తే ఆడుతుంది." కేదారుడు మాల చివర ఒక రాయి కట్టి అతనిమీదికి విసిరాడు. "ఎర్రపూలు లెక్కపెట్టుకో."

శంఖపాలుడు ఎగతాళిగా నవ్వుతూనే మాల దించాడు. పదిహేను దాకా నవ్వాడు. పదహారున్నర దగ్గర నవ్వు ఆగింది. తరువాత అతని పెదవులు మాత్రమే కదిలాయి. మాల ఆగినప్పుడు అతని మొహంలో నెత్తురు లేదు. అంతటి మాంత్రికుడు భయపడడం చూస్తే కేదారుడికి ఇంకా ఎక్కువ భయమేసింది.

"అయితే నీటిని మెల్లగా వదులు," అంది తరళ.

"కింద జనముండగా ఎలా వదలను?"

"అందుకేగా గంట మోగిస్తున్నాం!"

శంఖపాలుడు గట్టువైపు చూశాడు. అక్కడ గుడారం ముందు మహారాజు లేచి నిలబడ్డాడు. "ఆపండి," అన్నాడు మాంత్రికుడు హఠాత్తుగా. "గంట ముందే మోగితే నా లెక్క తప్పిందని రాజుకు తెలుస్తుంది. ఇంకో మూర నేను పట్టి ఉంచగలను."

"ఉంచగలవా?" అంది తరళ.

అతను జవాబుగా శంఖం పూరించాడు.

బండ చుట్టూ నీరు లేచింది. వేళ్ళు లేని చేతుల్లాంటి నీటితీగలు బండ మీదికి పాకి టోపీలను లాక్కుపోయాయి. ఒకటి తరళ నడుం చుట్టుకుని ఏట్లోకి ఈడ్చింది. కేదారుడు ఒక చేత్తో కంబాన్ని, ఒక చేత్తో ఆమె జడను పట్టుకుని వెనక్కి గుంజాడు. జగ్గన కత్తితో నీటిని నరుకుతున్నాడు. నరికినకొద్దీ అది అతుక్కుంటోంది. మరో తీగ గంగసాని చేతిలోని కలశాన్ని లాక్కుని దూరంగా విసిరింది.

గంట ఆగిపోయింది.

అదే అన్నిటికన్నా భయంకరం. దిగువన గట్టుకు ఎగబాకుతున్న జనం ఆగారు. వెనక్కి తిరిగి చూశారు. కొందరు దిగడం మొదలుపెట్టారు. గట్టుకు వంద అడుగుల దూరంలో ఎర్రచీర నిలబడిపోయింది.

గోడ పైఅంచు మీదుగా, సన్నగా, తెల్లని దారంలాగా, మొదటి ధార జారింది.

"చెంగీ!" కేదారుడి అరుపు అతనికే వినపడలేదు.

గంగసాని బండ అంచున పడుకుని ఉంది. కొంగు ఏట్లో ముంచి, పాకుకుంటూ వచ్చి, అమ్మ పాదాలమీద పిండింది. మళ్ళీ పాకింది. మళ్ళీ ముంచింది. పిండింది. "స్నానం చెయ్యి తల్లీ, స్నానం చెయ్యి," అంటోంది. టంగ్. చాలాసేపటికి మరొకటి. టటంగ్.

ఎర్రచీర పరుగెత్తింది. పదకొండు రోజుల బాలింత పరుగెత్తింది. గట్టుమీదనుంచి ఎవరో కొంగులు ముడివేసి దించారు. మూట ముందు పైకి వెళ్ళింది. తర్వాత ఎర్రచీర. ఆమె కాలు గట్టెక్కేసరికి తెల్లదారం జలపాతమై పసుపుపందిరి మీద పడింది. పందిరి నామరూపాల్లేకుండా పోయింది.

గోడలోంచి ఎముక విరిగినట్టు ఒక మోత వచ్చింది. గాజుమీద నెరియలా పగులు పాకింది. లోపలి మొసలి తోక కదిలించింది.

శంఖపాలుడు మళ్ళీ శంఖం ఎత్తాడు. ఊపిరి రాలేదు. కాళ్ళ కింద పలకరాయి మెత్తబడింది. మోకాలిదాకా దిగాడు. నడుం దాకా దిగాడు. ఒక్క ఉదుటున ముందుకు పడి కేదారుడి చీలమండ పట్టుకున్నాడు.

"నన్ను వదిలితే ఈ నీటిని ఆపగలవాడు రాజ్యంలో ఉండడు!" అని అరిచాడు. అది బెదిరింపో వేడుకోలో కేదారుడికి తెలియలేదు. ఒక చేతిలో తరళ, ఒక చేతిలో కంబం, కాలికి మాంత్రికుడు. వరద బండమీదికి ఎక్కింది. జగ్గన మనుషుల్లో ఒకడు కొట్టుకుపోయాడు.

"అవ్వా, చాలు! కంబం పట్టుకో!" అంది తరళ.

గంగసాని రెండు చేతులూ పైకెత్తి చూపించింది. ఖాళీగా ఉన్నాయి. కొంగు నీటిమీద తేలుతోంది.

"నేను పోయడంలేదమ్మా," అంది.

గంట మోగుతూనే ఉంది. అమ్మ పాదాలచుట్టూ, నలభై ఏళ్ళ తర్వాత, బురదనీరు సుడులు తిరుగుతోంది.